కొండాపూర్ దిబ్బ మీద డిటెక్టివ్ కథ రావాలె

మన లైబ్రరీ అల్మారాలో ఉన్న డిటెక్టివ్ కథలన్నీ పట్నం బంగళాల్లోనే నడుస్తయి. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ ఉంది కదా, అక్కడెందుకు నడవకూడదు? 1941-42లో నిజాం సర్కారు పురావస్తు శాఖ వాళ్లు అక్కడి దిబ్బను తవ్వించితే శాతవాహనుల కాలం పట్నం బయటపడ్డది. పూసలు, మట్టి బొమ్మలు, నాణేలు. అన్నిటికన్నా వింత, రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం! అది ఎవరి మూటలోంచి జారింది? పాపం, ఎన్ని దినాలు ఎతికిండో! నాణేలు పోసే మట్టి అచ్చులు కూడా దొరికినయి. అక్కడ టంకశాల ఉండేదని చరిత్రకారులు అంటరు. నాకైతే దొంగ నాణేల ముఠా కనపడుతుంది. కథే కదా.

కానీ అటువంటి కథల్లో అన్నీ టోపీ దొరే కనిపెడతడు. కూలోళ్లేమో దయ్యమని ఉరుకుతరు. ఇది నాకు అస్సలు నచ్చదు. మా నాయన పటాన్‌చెరులో ఫ్యాక్టరీలకు పునాదులు తవ్వుతడు. గడ్డపార చప్పుడు వినే కింద రాయుందో, బోలుందో చెప్తడు. ఆ దిబ్బ తవ్వినోళ్లకు మాత్రం తెలియదా?

అందుకే నా కథలో డిటెక్టివ్ తట్ట మోసే అవ్వ. ముఠాను ఆమె పట్టిస్తది. దొర టోపీ మాత్రం దొరకదు, అవ్వ మేక తినేసింది.

- ఒక విద్యార్థిని, 9వ తరగతి