గొట్టం లెక్క చెప్పని దవాఖానలు

'ఇన్ఫెక్షన్ వచ్చింది.' ఐసీయూ బయట రాత్రులు తెల్లార్చినోళ్లకు ఈ మాట ఎరుకే. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. పెద్ద రక్తనాళంలోకి దించిన గొట్టం, అంటే సెంట్రల్ లైన్, వెంట కూడా క్రిములు నెత్తురులోకి చేరుతయి. ఒక కార్పొరేట్ దవాఖానలో మేం అడిగినం, పోయిన నెల ఇట్ల ఎందరికి వచ్చిందని. మమ్ముల పిచ్చోళ్లను చూసినట్టు చూసిన్రు. బిల్లులో దూదికి లెక్కున్నది, దీనికి లేదు.

ఆ లెక్క బ్రహ్మవిద్యేం కాదు. రోజూ ఒకే వేళకు ఎందరికి లైన్ ఉన్నదో రాసుకోవాలె. పదిమందికి ఉంటే ఆ రోజుకు పది లైను-రోజులు. వెయ్యి లైను-రోజులకు ఎన్ని ఇన్ఫెక్షన్లన్నదే అంకె. అయితే నెత్తురును కల్చర్ పరీక్షకు పంపని దవాఖానకు ఎప్పుడూ సున్నానే వస్తది!

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డాక్టర్ పీటర్ ప్రొనోవొస్ట్ బృందం 103 ఐసీయూల లెక్కను 2006లో బయటపెట్టింది. సగటు 7.7 ఉన్నది ఏడాదిన్నరలో 1.4కు దిగింది. కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. చేతులు కడుక్కోవాలె. టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకొని రోగి ఒంటినిండా శుభ్రమైన గుడ్డ కప్పాలె. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవాలె. వీలైనంతవరకు గజ్జల్లో వేయొద్దు. పని తీరిన లైన్ తీసెయ్యాలె. గింతే. అసలు మతలబు మరొకటి: డాక్టర్ వీటిలో ఒకటి తప్పితే ఆపే అధికారం నర్సుకు ఇచ్చిన్రు.

మన దగ్గర ఏ సిస్టర్ 'ఆగండి సార్' అనగలదు? అంటే తెల్లారి డ్యూటీ మారుతది. ఇది తెలివి లేక కాదు, పెత్తనం పోతదని. పైగా ఒక్క సిస్టర్‌కు నలుగురైదుగురు రోగులను అప్పగించి, చేతులు కడగలేదని ఆమెనే తిట్టుడు ఎక్కడి న్యాయం?

ఎయిమ్స్ ఆధ్వర్యంలోని నిఘా నెట్‌వర్క్ 2017 నుంచి 2024 దాకా దేశంలోని 54 దవాఖానల్లో లెక్కగట్టింది. వెయ్యి లైను-రోజులకు 8.83. మిషిగన్ మొదలుపెట్టిన చోటికి కూడా మనం ఇంకా రాలేదన్నట్టు. వీళ్లు లెక్క రాసుకున్నోళ్లు. రాసుకోని దవాఖానల సంగతేంది?

జనం పైసలతో ఆరోగ్యశ్రీ బిల్లులు తీసుకునే ప్రతి దవాఖానా, సర్కారు దవాఖానలతో సహా, నెలనెలా ఈ అంకెను ఐసీయూ తలుపు మీద రాయాలె. ఎన్ని కల్చర్లు పంపిన్రో కూడా పక్కనే రాయాలె.