ప్రకటన పాటకూ రచయిత ఉంటాడు

1968లో ‘ది హోలీ మాకరెల్’ అనే అమెరికన్ బృందం ఒక ఆల్బమ్ తెచ్చింది. అది ఆడలేదు, బృందమూ నిలవలేదు. అందులో పాడిన పాల్ విలియమ్స్ ఆ తర్వాత పాటలు రాసే పనిలో పడ్డాడు. ఆ పాటలకు బాణీ రోజర్ నికోల్స్‌ది, మాట విలియమ్స్‌ది.

1970లో కాలిఫోర్నియాలోని క్రాకర్ బ్యాంకు టీవీ ప్రకటన కోసం ఆ ఇద్దరి చేత పాట చేయించారు. కొత్తగా పెళ్లయిన జంట కారెక్కి వెళ్తుంటే వెనక వినిపించే పాట అది. అందులో బ్యాంకు పేరు లేదు, అప్పు ఊసు లేదు. కాపురం మొదలుపెడుతున్న ఇద్దరి ఆశ ఉంది, అంతే. సరుకు పేరు పదే పదే పలికిస్తేనే జింగిల్ అనుకునేవారు తప్పక వినాల్సిన పాట. పాడింది కూడా విలియమ్సే. టీవీలో విన్న సంగీతకారుడు రిచర్డ్ కార్పెంటర్ ఆ గొంతును పోల్చుకున్నాడు. ఇద్దరిదీ ఎ అండ్ ఎం రికార్డింగ్ సంస్థే. పూర్తి పాట ఉందా అని వెళ్లి అడిగాడు. అతని చెల్లెలు కేరెన్ పాడిన ‘వీవ్ ఓన్లీ జస్ట్ బిగన్’ ఆ ఏడాదే బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానానికి చేరింది.

గొంతు ఎవరిదో ఎరిగినవాడు విన్నాడు గనుకే ఆ పాట బతికింది.

ఎ.ఆర్. రెహమాన్‌దీ ఇలాంటి దారే. మద్రాసులో నెమెసిస్ అవెన్యూ రాక్ బృందంలో వాయించి, మన సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు పట్టిన ఆ కుర్రాడు 1987లో హైదరాబాద్ ఆల్విన్ వారి ట్రెండీ వాచీలకు జింగిల్ కట్టాడు. 1992లో ‘రోజా’ సినిమా వచ్చేదాకా ప్రకటనలే అతనికి ప్రధాన వృత్తి. అర నిమిషంలో విషయం తేల్చాల్సిన ఆ సాధనే ‘రోజా’ పాటల పొదుపులో వినిపిస్తుందని మా నమ్మకం.

మరి తెలుగులో? వివిధభారతి 1967లోనే వాణిజ్య ప్రకటనలకు తలుపు తీసింది. సబ్బులు, టీ పొడులు, చీరల దుకాణాల పాటలు ఇంటింటా నోటికొచ్చాయి. సినిమా పాటకు రచయిత పేరు చెప్పే రేడియో వీటికి చెప్పలేదు. ఇక టీవీలో వచ్చే హిందీ జింగిల్‌ను బాణీ చెడకుండా, పెదవుల కదలికకు అతికేలా తెలుగు చేయడం గట్టి ఛందోవిద్య. ఆ పని చేసినవారు మన సాహిత్య చరిత్రల్లో కనబడరు. ఇది అన్యాయం.

విలియమ్స్‌కు 1977లో ఆస్కార్ వచ్చింది. 2009లో పాటల రచయితల హక్కులు చూసే అస్కాప్ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. మన ప్రకటన పాటల రచయితలకు కనీసం పేరైనా దక్కాలి. ఏ పాట ఎవరు రాశారో, ఎవరు పాడారో తెలిసిన పాఠకులు మాకు రాయండి. వివరాలు సరిచూసి వారి పేర్లతో ప్రచురిస్తాం.