చోరీ విండోస్ ఎందుకు భాయ్?

ఆళ్లగడ్డలో మా బహెన్ కొడుకు జిద్ పట్టాడు. పాత కంప్యూటర్‌లో విండోస్ 11 ఎక్కదంట, గేముల కోసం నంద్యాల పోయి కొత్తది కొనాలంట. వాళ్ళ అబ్బా అప్పు వెతుకుతున్నాడు. ఇంకొకరు దొంగ కాపీ వేసిస్తామన్నారు. అందరూ చేస్తే చోరీ హలాల్ అవుతుందా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్ట్ ఖతం, సహీ. మరి లినక్స్ లేదా? ముఫ్త్. కాపీ చేసి పంచుకోమని లైసెన్సే ఇజాజత్ ఇస్తుంది.

గేములు ఆడవన్నది పాత మాట. 2018లో వాల్వ్ తెచ్చిన ప్రోటాన్‌తో స్టీమ్‌లోని వేల విండోస్ గేములు లినక్స్‌లో నడుస్తున్నాయి. సచ్ దాచను: వాలరెంట్, ఫోర్ట్‌నైట్ నడవవు. ఆ రెండిటి కోసం ఇంటి బర్కత్ పోగొట్టుకుంటామా?

ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. హార్డ్ డిస్క్ ముట్టక్కర్లేదు. ఫజర్ దాకా మేల్కొని ఆడేందుకు మాత్రం ఇజాజత్ లేదు బేటా!