కోకో గింజలోని చేదు

బాలలారా! చాక్లెట్ తియ్యగా ఉంటుందని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. కాని ఆ తీపి అంతా చక్కెరది. చాక్లెట్‌కు మూలమైన కోకో గింజ వట్టి చేదు. ఆ చేదుకు ముఖ్య కారణాలలో ఒకటి థియోబ్రోమిన్ అనే పదార్థం.

మా సదాశివనగర్ వైపు వరి, మొక్కజొన్న కనిపిస్తాయి గాని కోకో చెట్టు కనిపించదు. దాన్ని చూడాలంటే ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలకు వెళ్ళాలి. అక్కడ కొబ్బరిచెట్ల నీడన, ఆయిల్ పామ్ తోటలలో కోకో పండిస్తారు. పనసకు మల్లేనే దీని కాయలు కూడా మానుకే కాస్తాయి. కాయ పగలగొడితే తెల్లని గుజ్జులో 30, 40 గింజలుంటాయి. ఆ గుజ్జు తియ్యగా, పుల్లగా ఉంటుంది. ఉడతలకు మహా ఇష్టం. గింజలను గుజ్జుతో సహా ఆరేడు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తే గాని చాక్లెట్ వాసన రాదు.

1841లో వస్క్రెసెన్‌స్కీ అనే రష్యా రసాయన శాస్త్రజ్ఞుడు ఈ గింజలలో థియోబ్రోమిన్‌ను కనిపెట్టాడు. పేరును బట్టి ఇందులో బ్రోమిన్ ఉన్నదనుకునేరు! అణువంతైనా లేదు. 1753లో లినేయస్ కోకో చెట్టుకు థియోబ్రోమా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘దేవతల ఆహారం’ అని దాని అర్థం. చెట్టు పేరే దీనికీ వచ్చింది.

కాఫీలోని కెఫీన్ దీనికి తోబుట్టువు వంటిది. రెండింటి నిర్మాణమూ ఒకటే. కెఫీన్‌లో ఒక మిథైల్ సమూహం ఎక్కువ, అంతే. మీ నాన్నగారు కాఫీ తాగితే, అందులోని కెఫీన్‌లో కొంత భాగాన్ని ఆయన కాలేయం థియోబ్రోమిన్‌గా మార్చేస్తుంది. అయితే ఇది కెఫీన్ అంతగా నిద్ర చెడగొట్టదు. రక్తనాళాలను వదులు చేస్తుంది, గుండెను కొంచెం చురుకు చేస్తుంది, మూత్రం ఎక్కువగా వచ్చేటట్టు చేస్తుంది. అందుకే పందొమ్మిదో శతాబ్దం చివర ఒళ్ళు నీరుపట్టిన రోగులకు దీన్ని మందుగా ఇచ్చేవారు. తరవాత అంతకన్న మంచి మందులు వచ్చాయి. దీని మరో తోబుట్టువు థియోఫిలిన్ ఉబ్బసానికి పేరుపొందిన మందు. 2005లో లండన్ శాస్త్రజ్ఞులు పదిమంది ఆరోగ్యవంతులకు థియోబ్రోమిన్ ఇచ్చి చూసి, ఇది దగ్గును అణచగలదని ప్రకటించారు. దగ్గు వస్తున్నదని మీ అమ్మగారిని చాక్లెట్ అడగబోకండి, వారు ఇచ్చింది మిఠాయి కాదు!

మనకు ఇంత సాధువైన ఈ పదార్థం కుక్కకు విషం. ఈ మాట పెద్దలు కూడా శ్రద్ధగా చదవాలి. మన ఒంట్లో చేరిన థియోబ్రోమిన్‌లో సగం సుమారు 7, 8 గంటలలో ఖర్చయిపోతుంది. కుక్క ఒంట్లో అందుకు 17 గంటలకు పైగా పడుతుంది. కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. 40, 50 అయితే గుండె లయ తప్పుతుంది. 60కి మూర్ఛలు రావచ్చు.

లెక్క వెయ్యండి. నల్ల చాక్లెట్‌లో గ్రాముకు ఇంచుమించు 5 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటుంది. 5 కిలోల కుక్కపిల్ల 60 గ్రాముల ముక్క తిన్నదనుకోండి. మొత్తం 300 మిల్లీగ్రాములు, అనగా కిలోకు 60! పాల చాక్లెట్‌లో ఇది తక్కువ. కోకో పొడిలో మరీ ఎక్కువ గనక ఆ డబ్బాను కుక్కకు అందనిచోట పెట్టాలి. పిల్లికి కూడా ఇది ప్రమాదమే.

కుక్క చాక్లెట్ తిన్నదని తెలిస్తే, బాగానే ఆడుకుంటున్నది గదా అని ఊరుకోవద్దు. లక్షణాలు బయటపడటానికి కొన్ని గంటలు పడుతుంది. ఉప్పునీళ్ళు పోసి కక్కించబోకండి, అది మరో అపాయం. వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళి, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో చెప్పండి. చాక్లెట్ కాగితం కూడా పట్టుకుపోండి. అందులో కోకో ఎంత ఉన్నదో సాధారణంగా దాని మీదే అచ్చువేసి ఉంటుంది.