ఆదోనికి 3 ఎఫ్ఎంలు.. మరి వార్తలెవరు చెబుతారు?

730 ప్రైవేటు ఎఫ్ఎం చానళ్ల వేలానికి కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టు 28న ఆమోదం తెలిపింది. అందులో ఆదోనికి 3 చానళ్లున్నాయి. ఎమ్మిగనూరు పేరు మాత్రం లేదు.

ఇక్కడో మెలిక ఉంది. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు. ఆకాశవాణి బులెటిన్‌నే, మార్చకుండా వేసుకోవాలి. పాటలెన్ని వచ్చినా, తుంగభద్ర దిగువ కాలువ నీళ్ల కబురు రేడియో వార్తల్లో వినాలంటే మీకు ఆకాశవాణే దిక్కు.

అది మీదాకా వస్తోందా? కర్నూలు ఆకాశవాణిది ఎఫ్ఎం. దూరం పెరిగేకొద్దీ, కొండ అడ్డొస్తే ఇంకా త్వరగా, సిగ్నల్ పలచబడుతుంది. 1963లో మొదలైన కడప కేంద్రానిది మీడియం వేవ్, 900 కిలోహెర్ట్జ్. నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వెళ్తుంది. కానీ మీ స్మార్ట్‌ఫోన్ దాన్ని పట్టలేదు! 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో వినొచ్చు, నెట్ ఉంటే. పొలం గట్టున నెట్ లేకపోతే పాత ట్రాన్సిస్టరే గతి.