లోలకం దిద్దిన తప్పు

హైస్కూలు నాటి సంగతి ఒకటి చాలా ఏళ్ళుగా నా మనసులో ముల్లులా ఉండిపోయింది. మొన్న సెలవు రోజున మా అమ్మాయి పుణ్యమా అని అది ఊడింది. ఆ కథ చెప్పి, దానితోపాటు నా గోడు కూడా వినిపిస్తాను.

పదో తరగతిలో లఘులోలకం ప్రయోగం. గుండు కేంద్రం వరకు దారం పొడవు 100 సెంటీమీటర్లు. ఇరవై డోలనాలకు పట్టిన కాలాన్ని కొలిచి, దాని నుండి గురుత్వ త్వరణం కట్టాలి. నాకు 38.2 సెకన్లు వచ్చింది. లెక్క కడితే త్వరణం 1082 తేలింది. పుస్తకంలో ఉన్నది 980. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. మాస్టారు చూసి, "980 రావాలి కదా, సరిచేసుకో" అని ముందుకు సాగిపోయారు. ఎలా సరిచేసుకోవాలో పక్కనున్న మిత్రుడు నేర్పాడు. 980 నుండి వెనక్కు లెక్క కడితే కాలం 40.1 సెకన్లు ఉండాలి. మూడుసార్లు ఒకే అంకె వస్తే అనుమానం కనుక ఒకచోట 40.2 అని వేశాను. పదికి పది మార్కులు వచ్చాయి. విజ్ఞానశాస్త్రం పేరిట నేను మొదట నేర్చిన విద్య, అబద్ధాన్ని నమ్మేటట్టు రాయడం.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి మొన్న ఒక సందేహం వచ్చింది: బరువైన రాయి తొందరగా ఊగుతుందా అని. జవాబు చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. గుమ్మానికి తోరణం కట్టే మేకుకు దారం వేసి, కొసకు ఒక తాళం కట్టాం. పొడవు మీటరు. చేతిఫోనులోని గడియారం నా వంతు, లెక్కపెట్టడం తన వంతు. తాళాన్ని విడుస్తూనే "ఒకటి" అంది. "ఇరవై" అనేసరికి 38 సెకన్లు దాటింది.

నాకు ఒళ్ళు జలదరించింది. అదే నా పాత అంకె! ఏమీ మాట్లాడకుండా మళ్ళీ చేయించాను. మూడోసారి తనే ఆగి, "నాన్నా, విడిచినప్పుడు ఒక్క ఊపు కూడా అవలేదు కదా, ఒకటి ఎందుకంటున్నాను? సున్నా అనాలి" అంది.

అంతే! "ఇరవై" అనేసరికి పూర్తయినవి పంతొమ్మిదే. నాటి 38.2ను ఇరవైకి బదులు పంతొమ్మిదితో భాగిస్తే త్వరణం సుమారు 977 తేలుతుంది. నా చేయి తప్పు చేయలేదు, గడియారమూ తప్పు చేయలేదు. ఇరవై కంచె రాటల మధ్య ఖాళీలు పంతొమ్మిదే ఉంటాయన్న చిన్న గణిత సత్యం ఆ తప్పులో దాగి ఉంది. నేను రబ్బరుతో చెరిపింది దాన్నే. (అన్నట్టు, బరువైన తాళం కట్టి, పొడవు మీటరుకే సరిచేసి చూశాం. కాలం మారలేదు.)

ఇప్పటి మన పాఠ్యపుస్తకాలలో "కృత్యం" అన్న శీర్షికకు కొరత లేదు. అయితే చాలాచోట్ల కృత్యం కిందనే, ఏమి గమనిస్తారో కూడా అచ్చువేసి ఉంటుంది. ఇక చేయడం దేనికి? గాజుకు దారం చుట్టి చుట్టుకొలతను వ్యాసంతో భాగించిన పిల్లవాడికి 3.3 వస్తే, వాడు గాజు వంక కాక పుస్తకం వంక చూస్తాడు. చేతులు పనిచేస్తున్నాయి కానీ నిర్ణయం మాత్రం వాటిది కాదు.

ఇది మార్చలేనిదేమీ కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (నేటి నర్మదాపురం) 1972లో 16 బడులలో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. అక్కడి "బాల్ వైజ్ఞానిక్" పుస్తకంలో ప్రశ్నలూ ప్రయోగాలూ ఉండేవి కానీ జవాబులు ఉండేవి కావు. పిల్లలు తాము చూసినదే తమ నోటుపుస్తకంలో రాసుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి చూడవచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపాలి. అగ్గిపుల్లలూ సైకిలు వాల్వు గొట్టాలతో రేఖాగణిత ఆకృతులు కట్టించిన అరవింద్ గుప్తా ఆ కార్యక్రమంలో పనిచేసినవారే. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. కార్యక్రమాన్ని మాత్రం ప్రభుత్వం 2002లోనే మూసివేసింది. మూతపడినంత మాత్రాన, ముప్పై ఏళ్ళు మామూలు బడులలో నడిచిన పనిని అసాధ్యమని అనలేం కదా!

అరవై మంది పిల్లలు, నలభై ఐదు నిమిషాలు, ముగియని సిలబసు - ఉపాధ్యాయుల ఈ బాధ నిజమైనదే. నాటి మా మాస్టారిని నేను తప్పుపట్టను. మార్కులు 980కి ఉన్నప్పుడు ఆయనైనా ఏం చేస్తారు? అందుకే నేను కోరేది కొత్త ప్రయోగశాలలు కాదు. దారానికీ తాళానికీ ఖర్చేముంది? నెలకు ఒక్క ప్రయోగమైనా చాలు. పిల్లలందరికీ వచ్చిన అంకెలను దిద్దకుండా నల్లబల్ల మీద వరుసగా రాయాలి. అన్నిటికంటే దూరంగా ఉన్న అంకె దగ్గర ఆగి, "ఇది ఎందుకు వచ్చింది?" అని అడగాలి. ఆ కారణం వెదికిన వారికే మార్కులు వేయాలి.

ఆనాడు ఎవరైనా నన్ను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, సున్నా నుండి లెక్కపెట్టడం నేర్చుకోవడానికి ఇన్నేళ్ళు పట్టేది కాదు. ఇంతకీ, మీ రికార్డు పుస్తకంలో మీరు చెరిపేసిన అంకె ఏమిటి?