నడివయసు వ్యాయామం: గడియారం కన్నా దినచర్యే మేలైన గుర్తు

ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన బిలాస్‌పూర్, ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రం. ఇక్కడి లోకో పైలట్లకు నిద్రవేళ, భోజనవేళ రోజుకొక తీరుగా ఉంటాయి. ‘రోజూ ఉదయం ఆరింటికి నడవండి’ అన్న సలహాను నడివయసులో ఉన్న ఇటువంటి ఉద్యోగులు ఎక్కువ కాలం పాటించలేరు.

వయోజనులకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 2022లో భారతదేశంలో దాదాపు సగం మంది వయోజనులు ఆ స్థాయిని అందుకోలేదని 2024లో వెలువడిన అధ్యయనం తెలిపింది. సంకల్పం ఉన్నా అది ఆచరణగా మారకపోవడం ఇందులో ఒక చిక్కు.

మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించిన పద్ధతి ఇక్కడ ఉపకరిస్తుంది. ‘ఇది జరిగితే అది చేస్తాను’ అని మెదడుకు ముందే అలవరచడమే ఆ శిక్షణ. ‘డ్యూటీ దిగి, నిద్ర లేవగానే ఇరవై నిమిషాలు నడుస్తాను’ అని నిశ్చయించుకుంటే, డ్యూటీ వేళ మారినా గుర్తు మారదు. అయితే నిద్ర చాలనివారికి ముందుగా దక్కవలసింది విశ్రాంతి. ఏ శిక్షణయినా దాని తరువాతే.